రక్షిత వందకు ఫోన్ చేసిన రోజు

రక్షితకు పదహారేళ్లు. హైదరాబాదులో హాస్టల్లో ఉంటూ ఇంటర్‌లో చేరి రెండు నెలలయింది. రాఖీ పండుగకు ఇంటికి వచ్చి, మళ్లీ ఆ హాస్టల్‌కు పోనని పట్టుబట్టింది. తెల్లవారుజామున నాలుగున్నరకు లేపి కూర్చోబెడతారని, అన్నం తినబుద్ధి కావడం లేదని, డాక్టరు చదువు తన వల్ల కాదని చెప్పింది. మహబూబాబాద్‌లో సీఈసీ చదువుకుంటానంది.

తండ్రి హన్మంతరెడ్డి నర్సింహులపేట పక్క ఊరికి మాజీ సర్పంచి. మూడు రోజులు నచ్చజెప్పాడు. నాలుగో రోజు పొద్దున బ్యాగు కారులో పెట్టించాడు. రక్షిత దాన్ని దించేసింది. వాకిట్లో అందరూ చూస్తుండగా చెంప మీద రెండు దెబ్బలు కొట్టి, ఫోను లాక్కుని, ఆమెను గదిలో పెట్టి బయట గడియ వేశాడు.

తల్లి విజయలక్ష్మి కిటికీలోంచి నీళ్లు అందించబోయింది. రక్షిత గ్లాసు ముట్టలేదు, ఫోను అడిగింది. ఎవరికని విజయలక్ష్మి అడగలేదు. కొంగు చాటు నుంచి తన ఫోను తీసి ఇచ్చింది.

రక్షిత పోలీసుల నంబరు వందకు ఫోన్ చేసింది. అరగంటకు బండి వచ్చింది. కానిస్టేబుల్ సారక్క గడియ తీయించి ముగ్గురినీ స్టేషన్‌కు తీసుకుపోయింది. ఎస్సై ఎదుట హన్మంతరెడ్డి నవ్వడానికి ప్రయత్నించాడు. పిల్ల అలిగిందని, ఇంట్లో మాట ఇంట్లోనే తేల్చుకుంటామని అన్నాడు. రక్షిత బల్ల అంచును గోటితో గీకుతూ నిలబడింది. ఎస్సై విజయలక్ష్మి వైపు తిరిగి, కొట్టాడా అని అడిగాడు.

"కొట్టిండు సార్. ఇయ్యాల్నే గాదు. ఫోన్ ఇచ్చింది గూడ నేనే."

హన్మంతరెడ్డి భార్య వైపు చూశాడు. రక్షిత పోలీసులు వచ్చి నాలుగు మాటలు చెప్పి పోతారనుకుంది గానీ ఇంతదాకా వస్తుందని అనుకోలేదు. ఫిర్యాదు రాసిస్తావా అని ఎస్సై అడిగితే, హాస్టల్‌కు పంపకపోతే చాలంది. మళ్లీ చెయ్యెత్తనని హన్మంతరెడ్డి కాగితం మీద సంతకం పెట్టాడు. వారం వారం ఇంటికొచ్చి చూసిపోతానని సారక్క చెప్పింది.

తరువాత పది రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. రక్షిత మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు విన్నప్పుడల్లా లేచి కూర్చునేది. పదకొండో రోజు తల్లీకూతుళ్లను మహబూబాబాద్ తీసుకుపోయి రక్షితను కాలేజీలో చేర్పించాడు. తిరిగి వస్తుంటే దారిలో కారు ఆపాడు.

"ఆ ఫోను కోపంతోని జేసినవా బిడ్డా, భయమయి జేసినవా?"

"భయమయ్యే బాపు."

ఆయన దిగిపోయి పత్తి చేను గట్టు మీద, వీపు వీళ్ల వైపు పెట్టి నిలబడ్డాడు. దిగి వెళ్లాలో, కూర్చోవాలో రక్షితకు తెలియలేదు. తలుపు పిడి పట్టుకుంది, వదిలింది. వెనక సీట్లోంచి విజయలక్ష్మి, ఉండనియ్యి అంది. చాలాసేపటికి వచ్చి కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సోమవారం నుంచి కాలేజీకి పోవాలి గదా, రేపే బస్ పాస్ తీసుకుందామన్నాడు. రక్షిత సరేనంది.