చేపకళ్ళు

రేపు పొద్దున అక్క మళ్ళీ తను నేర్పే డాన్సు క్లాసులో అడుగు పెట్టాలి. ప్రమాదం తర్వాత అదే మొదటి అడుగు. కృత్రిమ కాలికి చర్మం రంగు తొడుగు వేస్తామంటే ఆమె ఒప్పుకోలేదు. "దాచుకోడానికి అదేమన్నా దొంగసొత్తా? తళతళలాడాలి. పిల్లలు చూడాలి. లేదంటే క్లాసూ వద్దు, కాలూ వద్దు," అని తేల్చేసింది.

అందుకే తమ్ముడు తన షెడ్డులో కార్బన్ ఫైబర్ గుడ్డతో పిక్క ఆకారంలో తొడుగు చేశాడు. నల్లటి జడ అల్లినట్టు నేత. దాని మీద అద్దంలాంటి రెజిన్ పూత ఒక్కటే మిగిలింది. పూత కుదిరితే కాత, కుదరకపోతే కడుపుకోత.

సాయానికి అక్క మొగుడు, అంటే బావ వచ్చాడు. బావ సాయం చేస్తే పని సగమవుతుంది. మిగతా సగం, ఆయన చేసింది సరిదిద్దుకోవడం.

తమ్ముడు తొడుగును గుడ్డతో తుడిచి, రెజిన్‌లో గట్టిపరిచే ద్రవం తూచి కలిపి, బ్రష్‌తో పూశాడు. హీట్ గన్ వేడికి బుడగలు పగిలాయి. నేత నీళ్ళ అడుగున ఉన్నట్టు మెరిసింది. అంతలో నడిమధ్య ఒక గుంట. పక్కన ఇంకోటి. పూత అక్కణ్ణుంచి గుండ్రంగా వెనక్కి తప్పుకుంటోంది.

"చేపకళ్ళు పడ్డాయి!" తమ్ముడి మొహం మాడిపోయింది.

"పెళ్ళిలో మీ అక్కని మీనాక్షి అన్నాను గానీ, కాలిక్కూడా కళ్ళు మొలవాలని కాదురా."

"నవ్వించకు బావా. జిడ్డున్నచోట రెజిన్ నిలవదు. ఆ జిడ్డు ఎక్కణ్ణుంచి వచ్చిందో!"

తడిపూతంతా ఎసిటోన్‌తో తుడిచి మళ్ళీ పూశాడు. ఈసారి కళ్ళు రెట్టింపు. మళ్ళీ తుడిచేశాడు. ఇక డబ్బాలో ఒక్క పూతకే సరిపడా ఉంది. అక్క అడుగంతా ఆ డబ్బా అడుగున ఉంది.

"ఏరా, అయిందా?"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. చంకకర్రల మీద అక్క, సరిగ్గా వాళ్ళ వెనకే.

"ఎప్పుడొచ్చావే?" అన్నాడు బావ.

"ఇప్పుడే. ఈ తలుపు కుయ్యోమొర్రో అని ఏడ్చేది కదా, ఇవాళ నోరెత్తలేదేం?"

తమ్ముడు మెల్లగా బావ వైపు తిరిగాడు. బావ గోడ వైపు తిరిగాడు.

"అది కీచుమన్నప్పుడల్లా నీ చెయ్యి అదురుతోందని... బందులకి కాస్త సిలికాన్ నూనె స్ప్రే కొట్టాను. కారింది తుడిచేశాన్లే."

"దేంతో?"

బావ వేలితో చూపించాడు. ఆ గుడ్డ తమ్ముడి చేతిలోనే ఉంది.

తమ్ముడు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని దూరంగా చాపాడు.

"ఆ గుడ్డ బయట పారేయండి," అంది అక్క మొగుడితో. "దాంతోపాటు మీరూ."

ఆమె స్టూలు మీద కూర్చుని, కొత్త గ్లవ్స్ తొడుక్కుని, కొత్త గుడ్డలతో తన కాలు తనే తుడిచింది. తుడిచిన గుడ్డ మళ్ళీ ముట్టలేదు. తమ్ముడు చేతులు కడుక్కొచ్చి, సన్న గరుకు కాగితంతో రుద్ది, మరోసారి ఆమె చేత తుడిపించాడు. కొత్త బ్రష్ తీసి, డబ్బా ఊడ్చి కలిపి పూశాడు. బావ కిటికీ అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాడు. ఆయన ఊపిరికి అద్దం మసకబారింది. లోపల ఇద్దరికీ ఊపిరే లేదు.

పూత కదిలింది. సర్దుకుంది. పైనున్న ట్యూబులైటు అందులో విరగకుండా నిలిచింది. పిక్క వెనక మాత్రం ఒక్క చేపకన్ను తెరుచుకుంది.

"ఛ! గట్టిపడ్డాక గీకి..."

"గీకి ఏం పూస్తావ్, నా తలకాయా? ఉండనీ. వెనక వరసలో అడుగులు ఎగ్గొట్టేవాళ్ళని కనిపెట్టడానికి నాకో కన్ను కావాలి. పొద్దున్నే వచ్చి బిగించు."

తమ్ముడు వాకిట్లోకి వచ్చాడు. బావ సబ్బునీళ్ళ బకెట్టు పెట్టుకుని తలుపు బందులు తోముతున్నాడు.

"ఏంటి బావా ఇది?"

"నువ్వు తప్పుకో. ఇది మళ్ళీ ఏడ్చేదాకా వదల్ను."