జనరల్ గారి నడుము

శాన్ అపొలినార్ పండుగ దగ్గరపడుతోందంటే రాజధాని అంతా ముస్తాబయ్యేది, దర్జీ తెలెస్ఫోరో మాత్రం రోజులు లెక్కపెట్టుకునేవాడు. పండుగ పొద్దున రాజభవనంలో మంత్రులూ, బిషప్పూ, రాయబారులూ చూస్తుండగా అతను జనరల్ అపొలినార్ బర్రగాన్ గారి నడుము కొలవాలి. కొలిచి అంకె పైకి చదవాలి. చదవగానే బ్యాండు మోగుతుంది. అతను కొలువులో చేరిన పద్ధెనిమిదేళ్ళుగా ఇదే తంతు, పద్ధెనిమిదేళ్ళుగా ఒకటే అంకె. ముప్ఫై నాలుగు అంగుళాలు. అది రెండో తరగతి వాచకంలో కూడా అచ్చయింది. పంతులమ్మ అడిగితే పిల్లలంతా ఒక్క గొంతుతో చెప్పాలి.

నడుముకేమో వాచకం సంగతి తెలియదాయె! జనరల్ గారు పొద్దున్నే ఆరు గుడ్లు, పళ్ళెం నిండా వేయించిన అరటికాయ, కాల్చిన పందిమాంసం లాగించేవారు. దేశభారం మోసే మనిషి ఆ మాత్రం తినకపోతే ఎట్లా మరి? పాత దర్జీ ఒక ఏడాది నోరు జారి "ముప్ఫై ఆరు" అన్నాడు. బ్యాండు మోగలేదు. అతన్ని ద్వీపంలో ఉప్పుమళ్ళకి పంపారు, తిరిగి రాలేదు. ఆ ఉద్యోగమే తెలెస్ఫోరోకి దక్కింది.

తెలెస్ఫోరో పిరికివాడే గానీ తెలివితక్కువవాడు కాదు. తలుపు వేసుకుని సొంతంగా ఒక టేపు తయారుచేశాడు. పొట్ట పెరిగిన కొద్దీ అందులో అంగుళాన్నీ సాగదీస్తూ వచ్చాడు. చివరికి నలభై రెండంగుళాల నడుము ఆ టేపు మీద చక్కగా ముప్ఫై నాలుగు చూపించేది. ఈ గుట్టు భార్య ఎదువిహెస్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు.

"ఏదో ఒకరోజు ఆ టేపు నీ మెడకే చుట్టుకుంటుంది చూడు," అనేది ఆవిడ.

"నోర్ముయ్యవే, గోడలు వింటాయి," అనేవాడు ఈయన.

ఆ ఏడు శాసనసభలో ఒక భజనరాయుడికి పూనకం వచ్చింది. జాతిపిత నడుము కొలిచిన పవిత్రమైన టేపు ఉండగా, విదేశాలనుంచి వచ్చిన కొలతలు మనకెందుకని లేచి అరిచాడు. ఇక చూస్కోండి, కాదనే మగాడెవడు? పావుగంటలో చట్టమైపోయింది. దేశమంతటికీ తెలెస్ఫోరో అంగుళమే అంగుళం. గజం గుడ్డకి పావుగజం అదనంగా వస్తుంటే జనం ఎగబడ్డారు, బట్టల కొట్లవాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. అంతవరకూ నవ్వులాటే.

తర్వాత జనరల్ గారికి దేశాన్ని కొత్తగా కొలిపించాలని బుద్ధి పుట్టింది. కొలిచినవాడు సర్వేయరు అబుందియో, తెలెస్ఫోరో అల్లుడు. కూతురు మతిల్దెని పెళ్ళాడి మూడు నెలలన్నా కాలేదు. నిజాయితీపరుడు, అదే వాడికి పట్టిన శని. చట్టం చెప్పిన టేపుతో సముద్రం నుంచి సరిహద్దు నది దాకా పొడవూ వెడల్పూ కొలిచి, విస్తీర్ణం లెక్క కట్టి, ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. పాత లెక్కతో చూస్తే దేశంలో మూడో వంతు లేదు!

సాయంత్రానికల్లా అతన్ని పట్టుకుపోయారు. నది అవతలివాళ్ళ దగ్గర లంచం మేసి భూమి అమ్మేశాడట. శుక్రవారం ఉరి.

మతిల్దె ఏడ్చి ఏడ్చి గుమ్మంలోనే సొమ్మసిల్లింది. ఎదువిహెస్ మాత్రం ఏడవలేదు. భర్త ముందుకొచ్చి నిలబడింది.

"ఏవయ్యా, పిల్లాడు పోతుంటే చూస్తూ కూర్చుంటావా?"

"నిజం చెబితే నన్ను ఉప్పుమళ్ళకి పంపుతారే."

"ఉప్పు నీకు కొత్తేమో గానీ, కన్నీళ్ళు మింగే మాకు కొత్తా? లే!"

లేచాడు. సాగదీసిన టేపూ, మామూలు టేపూ రెండూ జేబులో పెట్టుకుని రాజభవనానికి వెళ్ళాడు. పద్ధెనిమిదేళ్ళ చనువు కదా, లోపలికి రానిచ్చారు. జనరల్ గారు బనీనుతోనే కూర్చుని ఫలహారం చేస్తున్నారు. తెలెస్ఫోరో మోకాళ్ళ మీద పడి, రెండు టేపులూ బల్లమీద పక్కపక్కన పరిచాడు.

"ఏలినవారు క్షమించాలి. భూమి ఎక్కడికీ పోలేదు. నా అంగుళమే పెద్దది."

జనరల్ గారు నమలడం ఆపారు. ఆ టేపు వంక చూశారు, ఈ టేపు వంక చూశారు, ఆ తర్వాత మెల్లగా తలవంచి కిందికి చూసుకున్నారు.

"అంటే... ఎంత?"

"నలభై రెండు, మహాప్రభో."

కాపలావాణ్ణి బయటికి పొమ్మని సైగ చేశారు. పళ్ళెంలో మిగిలిన మాంసం ముక్క తీసి నోట్లో వేసుకున్నారు.

"ఒరేయ్ తెలెస్ఫోరో, దేశంలో లక్షమంది పిల్లలు రోజూ ముప్ఫై నాలుగని చదువుతున్నారు. వాళ్ళని పిలిచి, మీ నాయకుడికి పొట్ట ఉందర్రా అని చెప్పమంటావా?"

"అయ్యో, ఎంత మాట!"

"మరి మూడో వంతు భూమి ఏమైనట్టు?"

జనరల్ గారు వేళ్ళు బనీనుకి తుడుచుకుని తనే జవాబు చెప్పారు.

"నది జరిపారురా వాళ్ళు. మన పక్కకి జరిపేశారు దొంగవెధవలు. అది కనిపెట్టిన మొనగాడు నీ అల్లుడు. వాణ్ణి ఉరి తీస్తానా, పతకం ఇస్తాను గానీ! ఇప్పుడు చెప్పు, నా నడుమెంత?"

తెలెస్ఫోరోకి మతిల్దె ముఖం కళ్ళలో మెదిలింది. బల్లమీది మామూలు టేపు తీసి జేబులో కుక్కుకున్నాడు.

"ముప్ఫై నాలుగు, ఏలినవారా."

శనివారం అబుందియో ఇంటికొచ్చాడు, ఛాతీ మీద పతకంతో. వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. ఆదివారం నది అవతలి దేశం మీద యుద్ధం ప్రకటించారు. సరిహద్దు ఆనుపానులు తెలిసిన ఒక్కగానొక్క మనిషి గనక అబుందియోని దండులో అందరికన్నా ముందు నడిపించారు. ఆ దండులో గడ్డాలు మొలవనివాళ్ళు ఎంతమందో.

ఎదువిహెస్ కిటికీ దగ్గర నిలబడి ఆ బూట్ల చప్పుడు వినిపించినంతసేపూ విన్నది.

"ఎనిమిదంగుళాల కొవ్వు కోసమటయ్యా ఇంతమంది?"

"ఉరి తప్పించానే," అన్నాడు తెలెస్ఫోరో, ఆవిడ వైపు చూడకుండా.

అప్పుడే మతిల్దె వీధిలోంచి వచ్చింది. సాగనంపి వచ్చినట్టుంది, చేతిలో చిన్న జెండా ఇంకా అలాగే ఉంది. తండ్రి ముందు కూర్చుని, కళ్ళు తుడుచుకుని అడిగింది.

"నాన్నా, ఆ భూమి నిజంగా వాళ్ళే కాజేశారు కదూ? ఆయన ఊరికే పోవడం లేదు కదూ?"

ఎదువిహెస్ గిరుక్కున తిరిగి భర్త నోటివంకే చూసింది.

"నిజమేనమ్మా," అన్నాడు తెలెస్ఫోరో. "మూడో వంతు."