జపమాల మీద ఆడిటింగు

నా చేతిలో గిన్నె లాక్కుంది మా అత్తయ్య. "ఇట్టా తే. నువ్వు పోయి జపం చెప్పుకో, అంట్లు నేను తోముతా," అంది. పెళ్ళయిన నాలుగేళ్ళలో ఆవిడ నా చేతిలోంచి ఒక పని తీసుకోవడం అదే మొదలు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. పీట మీద కూర్చుంటే గోడ పట్టుకుని గానీ లేవలేదు. అలాంటి మనిషి బూడిదా కొబ్బరిపీచూ దగ్గరికి లాక్కుని, మసిపట్టిన అన్నం గిన్నె ముందేసుకుంది. వద్దండీ అనాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను. జపమాల తీసుకుని వసారాలో కూర్చున్నాను. మొదటి పూస పట్టుకుని, కళ్ళు మూసుకుని, 'రసీదు పుస్తకములకు వరుస నంబర్లు వేసి యున్నవా లేదా చూడవలెను' అనుకున్నాను. రెండో పూస పట్టుకుని, 'చింపిన రసీదుకూ మిగిలిన నకలుకూ తేదీ ఒకటేనా చూడవలెను' అనుకున్నాను. లోపల గిన్నె మీద పీచు గరగరలాడుతోంది. నా పెదాలు కదులుతున్నాయి. చూసేవాళ్ళకి నేనొక భక్తురాలిని.

గవర్నర్‌పేటలో హనుమయ్యగారని ఒక ఆడిటరు దగ్గర నేను క్లర్కుని. సీఏ ఇంటర్ రాస్తున్నాను. ఒక గ్రూపు గట్టెక్కాను. రెండోది ఆడిటింగ్ పేపర్లో పోయింది. లెక్కలున్న పేపర్లు ఎంత తిరగేసి ఇచ్చినా చేస్తాను గానీ, ఆడిటింగ్‌లో లెక్కలుండవు, అన్నీ రాతలే. "అంత కష్టమైనవన్నీ దాటిందానివి, ఇందులో పోవడమేందే? ఆడిటింగ్ అంటే ఏముందీ, టిక్కులు పెట్టడమేగా," అన్నాడు మా ఆయన శౌరయ్య. ఆయన కొండపల్లి దగ్గర కరెంటు స్టేషను కడుతున్న చోట స్టోర్‌కీపరు. పొద్దున్నే నేను సర్దిచ్చిన కారియరు పట్టుకుని బస్సెక్కుతాడు, సాయంత్రం వచ్చి రేడియో ముందు కూర్చుంటాడు. చెడ్డవాడని చెప్పను. నన్ను చదువుకోవద్దని ఒక్కనాడూ అనలేదు. చదువుకోమనీ, చారులో ఉప్పు చాల్లేదనీ ఒకే గొంతుతో అంటాడు, అంతే.

పోవడానికి కారణం నాకు తెలుసు. సరుకు నిల్వలు ఎలా తనిఖీ చేస్తావని అడిగాడు ప్రశ్నలో. నేనెప్పుడు చేశాను గనక? వన్ టౌన్ గోడౌన్లకి గానీ, రైసు మిల్లులకి గానీ హనుమయ్యగారు నన్ను పంపరు. "బస్తాల మీదికెక్కాలమ్మా, చీరతో ఏం కుదురుద్ది. మీరు ఆఫీసులోనే ఉండి ఆ టోటల్సు చూడండి," అంటారు. ఆ టోటల్సు చూస్తూ, మగపిల్లలు తిరిగొచ్చాక వాళ్ళ కాగితాలు ఫైల్లో కుడుతూ, వచ్చిన పార్టీకి టీ చెప్పిస్తూ కూర్చుంటే ఆడిటింగ్ ఎక్కడినుంచి వస్తుంది? మా సీనియర్ తిరుపతిరావు గారు కిందటేడు పాసయ్యారు. మొహమాటం వదిలేసి ఆయన్నే అడిగాను. "ఆడిటింగ్ చదివితే రాదండీ మార్తగారూ, అప్పజెప్పాలి. ప్రతి ప్రశ్నకీ పది పాయింట్లు. ఫలానాదానికి ఏం చూస్తావ్ అంటే పదీ గడగడా పడాలి. అన్నం తింటున్నా, నడుస్తున్నా అదే గొణుక్కోండి. నేను పద్యాల్లాగా కట్టుకున్నా," అన్నారు. ఆయన అన్నం తింటూ గొణుక్కుంటే వాళ్ళావిడ వడ్డిస్తూ ఉండి ఉంటుంది. నేను గొణుక్కుంటే కూర మాడుతుంది.

మేము తరతరాల క్యాథలిక్కులం. చిన్నప్పుడు సిస్టర్లు మాకు జ్ఞానోపదేశం అలాగే నేర్పారు. ప్రశ్న వాళ్ళడిగితే జవాబు మేము పాటగా అప్పజెప్పేవాళ్ళం. నిద్రలో లేపి అడిగినా ఇప్పటికీ వస్తుంది. తిరుపతిరావు గారిని అడిగిన ఆ సాయంత్రం ఇంట్లో మామూలుగానే అందరం మోకరించాం. అత్తయ్య మొదలుపెడుతోంది, మేము అందుకుంటున్నాం. మంగళవార్త జపం పదిసార్లు, ఒక పెద్ద పూస. మళ్ళీ పది, మళ్ళీ పెద్ద పూస. నా వేళ్ళు ఆగిపోయాయి. ఒక్కో ప్రశ్నకి పది పాయింట్లు అన్నారు గదా తిరుపతిరావు గారు. నా పాపం అక్కడ మొదలైంది.

ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నదాన్ని జ్ఞానోపదేశం భాషలోకి మార్చుకున్నాను. ఆ పాత తెలుగులో అయితేనే నా నోటికి పట్టు దొరికింది. పెద్ద పూస దగ్గర ప్రశ్న, చిన్న పూసల దగ్గర పాయింట్లు. జపమాల చెప్పేటప్పుడు ఒక్కో రోజు ఒక్కో రకం దేవరహస్యాలు ధ్యానించుకోవాలి. సోమవారం సంతోష దేవరహస్యాల రోజు గదా, అందుకని అమ్మకాలు, కొనుగోళ్ళు. మంగళ, శుక్రవారాలు దుఃఖ దేవరహస్యాలు, వాటి కింద కంపెనీ ఆడిట్ పెట్టుకున్నాను, నాకు అదే ఏడుపు. మహిమ దేవరహస్యాలకి సరుకు నిల్వల తనిఖీ. ముందు వరస బస్తాలు నిండుగా ఉంటే సరిపోదు, వెనక వరస కూడా తట్టి చూడాలని తిరుపతిరావు గారు చెప్పింది ఏడో పూస. బియ్యం ఏరుతూ తిప్పాను, సిటీ బస్సులో తిప్పాను, కిరసనాయిలు స్టవ్వుకి పంపు కొడుతూ తిప్పాను. ఒక మనిషి చేసిన పనిని ఇంకో మనిషి చూసేలా పనులు పంచాలి, మొత్తం ఒక్కరి చేతిలోనే ఉండకూడదు అనేది ఒక పాఠం. అది తిప్పుతున్నప్పుడల్లా నవ్వొచ్చేది. మా ఇంట్లో బియ్యం బస్తా దగ్గర్నుంచి ఎంగిలి కంచం దాకా పనంతా ఒక్కదాన్నే, చూసి వంకలు పెట్టేవాళ్ళు మాత్రం ఇద్దరు.

అత్తయ్య గమనించింది. నాకింకా పిల్లల్లేరు. ఇంటెదురు గోడ మీద కుటుంబ నియంత్రణ వాళ్ళు ఎర్ర త్రికోణం బొమ్మ వేసి ఇద్దరు చాలని రాశారు. దాన్ని చూసినప్పుడల్లా, "వద్దు వద్దంటన్నారు గానీ, అసలు లేనోళ్ళ సంగతి ఏంటో రాయరు," అనేది. అలాంటావిడ నా చేతిలో పొద్దస్తమానం జపమాల చూసి ఏమనుకుంటుంది? పక్కింటి సంపూర్ణమ్మతో అంటుంటే విన్నాను. "మా మార్త ఈ మధ్య దేవమాత కాళ్ళు పట్టుకుని వదలట్లేదు. ఇయ్యకపోతే ఊరుకునేట్టు లేదు. నేనే దాన్ని చదువు పిచ్చిదని తిట్టుకున్నా, పాపం." ఆ 'పాపం' అన్న మాట వినగానే పోయి చెప్పేస్తే పోయేది. చెప్పలేదు. ఎందుకంటే మర్నాటి నుంచీ ఆవిడ అంట్లు తీసుకుంది. తర్వాత నీళ్ళు పట్టడం తీసుకుంది. తర్వాత ఇడ్లీ పిండి రుబ్బడం. నాలుగేళ్ళుగా నేను పరీక్ష అన్నా, చదువు అన్నా దొరకని గంటలు, జపం అనగానే దొరికాయి. సిగ్గులేకుండా తీసుకున్నాను. సాయంత్రాలు ఆవిడ వాచిన మోకాళ్ళకి నీలగిరి తైలం రాసేదాన్ని, ఆ పుణ్యం కూడా నాకే జమ. "నువ్వు రాస్తే హాయిగా ఉంటదే," అనేది ఆవిడ. రాస్తూ లోపల కంపెనీ ఆడిట్ అప్పజెప్పుకునేదాన్ని.

పూసల సంగతి ఒక ఎత్తు. అంతకంటే కింద ఇంకోటి ఉంది. నెల తిరిగి నేను దూరంగా కూర్చోగానే అత్తయ్య మొహం వాడిపోయేది, శౌరయ్య ఒక పూట మాట్లాడేవాడు కాదు. నేను తల వంచుకుని ఉండేదాన్ని. లోపల మాత్రం అమ్మయ్య అనుకునేదాన్ని. వేవిళ్ళతో, బాలింతతనంతో పరీక్ష ఎవరు రాయగలరు? రోజూ చివరి పూస దగ్గర ఒకే ఒక్క నిజమైన ప్రార్థన చేసేదాన్ని. తల్లీ, ఈ పరీక్ష అయ్యేదాకా నాకు బిడ్డనివ్వకు. ఇంట్లో ముసలావిడ ఇమ్మని శుక్రవారాలు ఒంటిపూట ఉపవాసం ఉంటుంటే, పక్క గదిలో నేను వద్దని అడుగుతున్నాను. నేనేం ఆడదాన్ని అని ఒక్కోసారి భయం వేసేది.

ఈస్టరు ముందు పాపసంకీర్తనానికి వెళ్ళాను. జపమాల సరిగా చెప్పలేదు ఫాదర్ అన్నాను. "మనసు చెదరడం సహజమే అమ్మా," అన్నారు ఫాదరుగారు. "చెదరలేదు ఫాదర్. చాలా ఏకాగ్రతగానే చేశాను. కాకపోతే ఆడిటింగు," అన్నాను. తెర అవతల ఆయన దగ్గారు. ప్రాయశ్చిత్తంగా ఒక జపమాల భక్తిగా చెప్పుకోమన్నారు. గుళ్ళోనే ఒక మూల మోకరించి మొదలుపెట్టాను. మొదటి పూస పట్టుకోగానే 'రసీదు పుస్తకములకు' అని వచ్చింది. ఎంత ప్రయత్నించినా అదే వచ్చింది. లేచి వచ్చేశాను. బిడ్డ సంగతి మాత్రం ఆయనకి కూడా చెప్పలేదు.

అప్పుడు అత్తయ్య మొక్కు బయటపెట్టింది. మే నెల మరియమాత నెల. మొదటి శనివారం పొద్దున ఎనిమిదింటికి మా ఇద్దరి పేరా పూజ చెప్పిస్తుందట. అది కాగానే నన్నూ శౌరయ్యనూ చెరో పక్కన నడిపించుకుంటూ తను మాత గుడి ఉన్న గుణదల కొండ మోకాళ్ళ మీద ఎక్కుతుందట. ఆ శనివారమే పదింటికి నా ఆడిటింగ్ పేపరు. చెప్పాను. "పరీక్ష మాత్రం ఆ తల్లి దయ కాదూ? ఆమెకిచ్చిన రోజు ముందు," అంది అత్తయ్య. శౌరయ్య నన్ను పక్కకి పిలిచాడు. "పరీక్షదేముంది, నవంబర్లో మళ్ళీ వస్తది. అమ్మ మోకాళ్ళు మళ్ళీ వస్తాయా?" అన్నాడు. ఆ మోకాళ్ళు ఎవరివల్ల అరిగాయో నాకు తెలుసు. అందుకే సరేనండి అన్నాను.

శనివారం తలంట్లు అయ్యాయి. శౌరయ్య అద్దం ముందు తల దువ్వుకుంటున్నాడు. అత్తయ్య నేల మీద కూర్చుని పాత చీర చింపి, మోకాలి చుట్టూ పట్టీలాగా చుట్టుకుంటోంది. ఒకటి చుట్టి, ముడి బిగించలేక నా వైపు చూసింది. "ఇట్టా వచ్చి కట్టవే," అంది. వంగాను. ఆ ముడి నా చేత్తో వెయ్యలేకపోయాను. ఆ మోకాళ్ళ మీద జాలితో చెప్పానో, పరీక్ష తప్పిపోతుందని చెప్పానో నాకే తెలియదు.

"ఇవి కట్టమాకండి అత్తయ్యా. నేను జపం చెప్పలేదు. పూసల మీద నా పరీక్ష పాఠాలు అప్పజెప్పుకున్నా."

ఆవిడకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "రోజూనా?" అంది.

"రోజూనండి."

"నేను అంట్లు తోమేటప్పుడు?"

"అప్పుడు కూడానండి."

"అయితే బిడ్డ కోసం ఒక్క పూస కూడా తిప్పలా?"

అక్కడితో ఆగొచ్చు. లేదండీ అంటే చాలు. "ఒక్కటి తిప్పానండి. పరీక్ష అయ్యేదాకా వద్దని అడిగాను," అన్నాను.

శౌరయ్య దువ్వెన కిందపెట్టాడు. "మతుండే మాట్లాడుతున్నావటే? పెద్దమనిషి ముందర ఏం మాటలవి?" అంటూ వచ్చాడు.

"నువ్వుండరా," అంది అత్తయ్య. కేకలు వేస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. వాటికి సిద్ధంగానే ఉన్నాను. ఆవిడ చేతిలో చీరపేలిక అలాగే పట్టుకుని, నన్ను కాకుండా గోడకున్న దేవమాత పటాన్ని చూసింది. "నేనేమో ఇమ్మంటన్నా. నువ్వేమో వద్దంటన్నావు. ఒకే ఇంట్లోంచి ఇద్దరం," అంది. పేలిక ఒళ్ళో పెట్టుకుని, "ఆ తల్లి నీ మాటే వింది," అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

కాళ్ళు పట్టుకున్నాను. విడిపించుకుంది. నేను వదిలేసిన ముడి తనే బిగించుకుని, రెండో మోకాలికీ గుడ్డ చుట్టుకుని, రెండు చేతులా లాగి ముడి వేసుకుంది. "మొక్కుకున్నది నేను, ఎక్కుతా. నువ్వు మాత్రం రామాక. నిన్ను పక్కన పెట్టుకుని ఆమె మొహం చూళ్ళేను. పో, నీ పరీక్షకి పో," అంది. అది తిట్టో సెలవో ఆవిడ మొహంలో కనిపించలేదు. శౌరయ్య, "ఇవాళ గడప దాటావంటే చూడు," అన్నాడు. ఆవిడ రిక్షా పిలుచుకురమ్మని కొడుకుని వీధిలోకి పంపింది. రెండు పిలవమంది.

నేను రెండో రిక్షాలో వచ్చి హాల్లో కూర్చుని ప్రశ్నాపత్రం అందుకునే వేళకి ఆవిడ కొండ కింద మొదటి మెట్టు మీద మోకాలు ఆనించి ఉంటుంది. రాళ్ళు కాలుతుంటాయి. లేచి పరిగెత్తాలనిపించింది. ఇప్పుడైనా పోతే మధ్యలోనైనా చెయ్యి పట్టుకోవచ్చు. ఇన్విజిలేటరు, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. కళ్ళు తుడుచుకున్నాను. బాగానే ఉందండీ అన్నాను. తప్పు చేశానన్న బాధ తీరాక రాద్దామని కూర్చుంటే, ఏ ఆడదీ ఏ పరీక్షా రాయలేదు. ఏడుస్తూనే కాగితం మీద నా నంబరు వేశాను.