చిల్కూరు ఒడ్డు వైపు

ఆ జూలై శనివారం పడవల పోటీ గండిపేట చెరువు మీద జరగడానికి కారణం నగరంలో విధించిన కర్ఫ్యూ. హుస్సేన్ సాగర్ చుట్టూ పోలీసులు నిండిపోవడంతో, పడవల క్లబ్బు పెద్దలు తమ తెరచాప పడవలను లారీల మీద ఇక్కడికి తెప్పించారు. ఆ కర్ఫ్యూకు కారణం అరవై తొమ్మిది నాటి తెలంగాణ ఉద్యమం. సరోజ పడవలో ఒక మనిషి చోటు ఖాళీ కావడానికి కారణమూ అదే.

సరోజ తండ్రి స్వామిదాసు చెరువు కట్ట మీద పడవల షెడ్డుకు కాపలాదారు. రెండేళ్లుగా ఆ షెడ్డులోని ఒక పడవకు ఆమె చుక్కాని పడితే, ఆమెతో కాలేజీలో చదివే చేవెళ్ల రైతుబిడ్డ రాజమౌళి తెరచాప తాడు పట్టేవాడు. కళ్లంలో వడ్లు తూర్పారబడుతూ గాలిని చదవడం నేర్చినవాడు. అందుచేత ఇద్దరి మధ్య ఒక కట్టుబాటు ఏర్పడింది: గాలి చూడడం అతని వంతు, అతను తిప్పమంటే, ఎందుకని అడగకుండా తిప్పడం ఆమె వంతు. ఏప్రిల్‌లో బస్సులు ఆపినందుకు అతన్ని జైలుకు తీసుకుపోయారు. విడుదలై వారమైంది. ఇప్పుడు తాడు పట్టింది ఆమె అన్న గిద్యోను.

పొద్దున్నే చిల్కూరు నుంచి కూరగాయల గంపతో వచ్చిన అరుణమ్మ కబురు తెచ్చింది.

"రేపు రాజమౌళిని రాయచూరుకు పంపుతున్నరట బిడ్డా, మేనమామ ఇంటికి. మల్ల పట్టుకపోతరని వాళ్ల బాపుకు భయం. కట్ట మీద పోలీసోళ్లున్నరు, ఇటు రాలేడు. మా ఒడ్డుకు నిలబడ్తడట. ఒక్కపారి నీ మొఖం చూస్తె చాలన్నడు."

"పోటీల ఉంట కద అవ్వా! పడవ ఆగుమంటె ఆగుతదా?"

"ఆగకుంటె మానె. అటుకెల్లి పోతదా, పోదా?"

పోతుంది. గాలి పడమటి నుంచి ఎదురుగా వీస్తున్నంతసేపు పడవ నేరుగా పోలేదు; మలుపు గుర్తుగా నీళ్లలో తేలే ఎర్ర పీపాను చేరడానికి చిల్కూరు ఒడ్డు దాకా వెళ్లి మళ్లడమే దారి. గెలిచిన జంటను బొంబాయి పోటీకి పంపుతారు. గిద్యోను వారం నుంచి సముద్రం మాటే మాట్లాడుతున్నాడు.

పోటీ మొదలైంది. ఈదురుగాలికి పడవ పక్కకు ఒరిగిపోతుంటే, అన్నాచెల్లెళ్లు అంచు మీద వెనక్కి వాలి దాన్ని నిలబెట్టారు. రాజమౌళి పక్కనున్నప్పుడు చుక్కాని ఇంత బరువుగా ఉండేది కాదనిపించింది సరోజకు. అయినా సగం దూరానికి వాళ్ల పడవే ముందున్నది.

అక్కడ గాలి ఉత్తరానికి తిరిగింది.

"మారింది సరోజా! ఇగ ఒడ్డు దాక పోవుడెందుకు, సీద పీపా మీదికి తిప్పు!"

ఆమె తిప్పలేదు.

"ఏంది, నిద్రవోతున్నవా? బొంబాయి అటున్నది, చిల్కూరుల లేదు!"

"ఇంకా జరసేపు అన్నా."

వెనకున్న పడవలు ఒకటొకటిగా పీపా వైపు మళ్లాయి. ఒడ్డు దగ్గరపడింది. మోకాలి లోతు నీళ్లలో రాజమౌళి. జైలులో తల గొరిగించినట్టున్నారు. చెవులు పెద్దవిగా కనిపించాయి. గిద్యోను కూడా చూశాడు.

రాజమౌళి నోరు కదులుతున్నది. గాలి ఆమె నుంచి అతని వైపు వీస్తున్నది కనుక ఒక్క ముక్కా వినిపించలేదు. చెయ్యి మాత్రం కనిపించింది. రమ్మని పిలవడం కాదది. పీపా వైపు చాచి చాచి చూపుతున్నాడు. గాలి మారిందని, తిప్పమని. ఆమె ముఖం చూడడానికి వచ్చినవాడు, ఆమె ఓడిపోతున్నదని గాభరాపడుతున్నాడు.

"ఎందుకు?" అని అరిచింది సరోజ.

రెండేళ్లలో మొదటిసారి అడిగింది. గాలి ఆ మాటను నేరుగా అతనికి చేర్చింది. అతని చెయ్యి ఆగి, మెల్లగా దిగింది. తరువాత ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.

పడవ అడుగు బురదను గీసింది. ఇక తిప్పక తప్పలేదు. తెరచాప తలల మీదుగా రెండో పక్కకు తిరిగింది. ఒడ్డు వెనక్కి పోయింది. చుక్కాని పట్టిన మనిషి ఆ గాలిలో వెనుదిరిగి చూస్తే పడవ బోర్లపడుతుంది.

"ఉన్నడా?" అని అడిగింది.

గిద్యోను తాడు వదలకుండానే మెడ తిప్పాడు. "ఉన్నడు."

నలుపెక్కిన నీళ్ల మీద గాలి విసురు ఒకటి దాటింది.

"ఉన్నడా?"

"ఉన్నడు. నడుముల దాక దిగిండు పిచ్చోడు."

మూడు పడవలు అప్పటికే పీపాను చుట్టి వెనక్కి మళ్లాయి. ఆమె మళ్లీ అడిగింది. గిద్యోను ఈసారి వెనక్కి తిరిగి, ఒడ్డు దాటి పోయే బాట వెంట చాలాసేపు చూశాడు.

"పీపా వచ్చింది సరోజా," అన్నాడు. "ముందట చూడు."