ఎడమకు తిరిగిన పార

ఆగండి. ఒక్క నిమిషం నిలబడి ఇది వినండి.

మణుగూరు అవతల అడవి అంచున కమ్మరి జంపయ్య కొలిమి ఉంది. ఆ పొద్దున జామాయిల్ తోటల కాంట్రాక్టర్ శ్రీధర్ అక్కడ జీపు దిగాడు. వెనకాల ఇద్దరు పోలీసులు, చేతిలో ఒక పార. పోడు చేలలోకి రైతులు దిగకుండా జేసీబీతో కందకం తవ్వించింది ఇతనే. నిన్న ఎవరో దాన్ని పూడుస్తూ, జీపు చప్పుడు విని పార వదిలేసి పరుగెత్తారు.

"ఏంది జంపయ్యా, గిసొంటి వంకర పార చేసినవ్? పని మరిసినవా?" నవ్వాడు శ్రీధర్.

జంపయ్యకు రోషమొచ్చింది. నలభై ఏళ్ళ పని మరి! "వంకర గాదు సారూ! ఆదెమ్మది ఎడమచేతి వాటం. ఆమె కోసమే రేకును గట్ల తిప్పిన!"

అంతే, మాట నోరు దాటింది. అరగంటలో, కందకం దాటి చేలో దిగిన ఆదెమ్మను అక్కడినుంచే జీపెక్కించారు. ఆ ఎకరం పోడు పోతే ఆమె ఇంట్లో ఈ ఏడు తిండిగింజ ఉండదు.

ఊరంతా కొలిమి మీదికొచ్చింది.

"నీ నాలుకను దాగలి మీద పెట్టి సమ్మెటతోని కొట్టాలె!" పోతయ్య అరిచాడు. "ఆర్పుర్రి ఈ కొలిమి!"

"ఆర్పితే రేపు గోర్లతోని తవ్వుతవా?" ఆదెమ్మ చెల్లెలు నాగలక్ష్మి అడ్డం నిలబడింది. "ఆ పారే సాక్ష్యమంట. ఎడమకు తిరిగింది ఊర్లె అదొక్కటేనంట."

జంపయ్య పోతయ్య వైపు తిరిగి చేయి చాపాడు. "బావా, నీ పార ఇటియ్యి."

"ఎందుకు? అదీ సారుకు జూపిస్తవా?"

జంపయ్య లాక్కుని నిప్పుల్లో పెట్టాడు. ఎర్రబడ్డాక నాలుగు దెబ్బలతో రేకును ఎడమకు తిప్పాడు.

"ఓరి నీ! నాది కుడిచెయ్యిరా, నడుం ఇరుగుతది!"

"ఇరగనియ్యి."

అప్పుడర్థమైంది అందరికీ. ఆడవాళ్ళు తిత్తి ఊదారు. మూడో రోజుకు ఊళ్ళో నలభై పారలూ ఎడమకే! పట్టపగలే, చేయి తిరగక బూతులు తిట్టుకుంటూ, అందరూ కందకం పూడుస్తున్నారు.

జీపు వచ్చింది. శ్రీధర్ ఒక్కో పారా చూశాడు. ముఖం మాడిపోయింది. "మా దగ్గరున్న పార ఆదెమ్మదేనని సంతకం పెట్టు జంపయ్యా. లేకుంటే నిన్నూ ఎక్కిస్త."

"అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయ్ గద సారూ. ఏది ఎవలదని చెప్పాలె?"

పోలీసులు జంపయ్య చేతులు కట్టారు. దాగలిని జీపులో పడేశారు. నాగలక్ష్మి పోయి టైర్ల ముందు కూర్చుంది. పక్కన పోతయ్య. ఆ వెనక ఊరు. డ్రైవర్ ఇంజను రేజ్ చేశాడు. బండి ఒక జానెడు ముందుకొచ్చింది. ఎవరూ లేవలేదు.

టైర్ల ముందు ఆ మట్టిలో కూర్చోడానికి ఇంకా చోటుంది. మీరైతే ఏం చేస్తారు?