బాక్స్ మీద స్టిక్కర్

యాదలక్ష్మి మొహం కన్నకూతురికి దక్కకుండా చేసింది మీరు. ఎండ కాదు, మే నెల కాదు, మీరు. వినాయక ఉత్సవ కమిటీ అధ్యక్షుడు వెంకట్రావు గారూ, మీరు. మూడో గల్లీలో రేకులు వేసి ప్రార్థన మందిరం నడుపుతున్న పాస్టర్ గౌతమ్, నువ్వు కూడా. మీ ఇద్దరి తర్వాత వరసలో నేనున్నాను. నా సంగతి నేనే చెప్తాను, దాచుకోను.

ఎల్‌బీ నగర్‌లో మా కాలనీ పేరు రాయను. రాస్తే అది ఆ ఒక్క కాలనీ గొడవే అనుకుని మిగతావాళ్లు హాయిగా పడుకుంటారు. నా పేరు ఉపేందర్. దిల్‌సుఖ్‌నగర్ బస్సు డిపో వెనక సందులో నాకు ఫ్లెక్సీల షాపుంది. బోనాలు, క్రిస్మస్, పుట్టినరోజులు, శ్రద్ధాంజలులు, అన్నీ నా మెషిన్లోంచే వస్తాయి. వినాయక కమిటీ పెట్టిన ఐదుగురిలో నేనొకణ్ని. కమిటీ గది తాళంచెవులు రెండే. ఒకటి వెంకట్రావు గారి దగ్గర, రెండోది నా బండి తాళాల గుత్తిలో. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

నాలుగేళ్ల కింద ఎండాకాలంలో మొదటి గల్లీలో ఒక పెద్దాయన పోయాడు. బంధువులు చేరేసరికి ఆ ఇంట్లో ఎవరూ నిలబడలేకపోయారు. ఆ సిగ్గుతో కాలనీ అంతా తలా కొంత వేసుకుని ఫ్రీజర్ బాక్స్ కొన్నాం. శవం చెడిపోకుండా పెట్టే అద్దాల పెట్టె. గుడికి పోయేవాళ్లూ వేశారు, చర్చికి పోయేవాళ్లూ వేశారు, బిర్యానీ హోటల్ సాయిబూ వేశాడు. కమిటీకి గది ఉంది, కరెంటు ఉంది, అందుకని అక్కడ పెట్టాం. అంతే. గదిలో పెట్టిన పాపానికి అది గదివాళ్ల సొత్తయి కూర్చుంది.

యాదలక్ష్మి మెట్రో మెట్ల కింద పూలమ్మేది. బాక్స్ ఎవరింటికి పోయినా చామంతి దండ ఒకటి తెచ్చి అద్దం మీద వేసి పోయేది. ఎవరి ఇల్లని అడిగేది కాదు. నవరాత్రుల్లో వినాయకుడికి తొమ్మిది రోజుల దండా ఆమెదే. మోకాళ్ల నొప్పి. రెండేళ్ల కింద పక్కింటి అండాలమ్మ ఆమెను ప్రార్థన మందిరానికి తీసుకుపోయింది. పాస్టర్ మోకాళ్లకు నూనె రాసి ప్రార్థన చేశాడు. అప్పటినుంచి ఆదివారాలు అక్కడికి పోయేది. నేనోసారి నవ్వులాటకు అడిగాను.

"ఏందమ్మా, మతం మారినవా?"

"మతమేంది బిడ్డా. ఆడ కుర్సీ ఏస్తరు. గుళ్లె కింద కూసోవాలె. నా మోకాళ్లు ఒంగుతయా?"

ఆమె మతం అంత. ఒక ప్లాస్టిక్ కుర్చీ అంత.

నిరుడు వెంకట్రావు గారు ఏదో మీటింగుకు పోయి వేడెక్కి వచ్చారు. "మన బాక్స్ మతం మారినవాళ్లకెందుకండీ? వాళ్లది వాళ్లు కొనుక్కుంటారు" అన్నారు. 'హిందూ బంధువులకు మాత్రమే' అని స్టిక్కర్ వేయమన్నారు. వేశాను. నా చేత్తోనే, ఒక్క బుడగ కూడా రాకుండా గీకి మరీ అతికించాను. నెల తిరక్కుండానే ప్రార్థన మందిరం వాళ్లు పంతానికి ఇంకో బాక్స్ కొన్నారు. 'విశ్వాసులకు మాత్రమే' అని దానికీ స్టిక్కర్ కావాలన్నారు. అదీ నేనే వేశాను. ఒకటి కాషాయం, ఒకటి నీలం. అక్షరాలు మాత్రం రెండింటికీ ఒకటే ఫాంట్. గిరాకీ వచ్చింది, వేశాను. ఇది నా నేరం, మొదటిది.

మొన్న గురువారం తెల్లవారి ఐదింటికి, పూల మార్కెట్‌కు బయల్దేరుతూ, చెప్పులు వేసుకుంటూనే యాదలక్ష్మి గుమ్మంలో కూలిపోయింది. లేవలేదు. మొగుడు బిక్షమయ్య నా తలుపు కొట్టాడు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు శ్రీకళ వైజాగ్‌లో నర్సు. ఫోన్ చేశాం. ఏడుపు మధ్యలో ఒకటే మాట అంది. "అన్నా, నేనొచ్చేదాక అమ్మను తియ్యకున్రి. ఒక్కసారి మొహం సూస్తా." రైలు దొరక్క బస్సులు మారుతూ బయల్దేరింది. సాయంత్రం ఏడవుతుందంది.

ఇంటి పైన రేకులు. పగలు నలభై మూడు డిగ్రీలు దాటుతున్న రోజులు. కిరాయికి బాక్సులిచ్చేవాళ్లు నలుగురికి ఫోన్ చేశాను. వడదెబ్బ చావులు, నాలుగూ బయటే ఉన్నాయి. దవాఖాన మార్చురీకి పోతే ఇంట్లో చచ్చిన మనిషికి కాగితం తెమ్మన్నారు. ఐసు గడ్డలు తెచ్చి చుట్టూ పెట్టి, టేబుల్ ఫ్యాన్ తిప్పి, పొద్దున ఏడింటికి వెంకట్రావు గారింటికి పోయాను.

ఆయన కాఫీ తాగుతున్నారు.

"అయ్యయ్యో, యాదలక్ష్మా? నిన్న సాయంత్రం కూడా మా ఆవిడ మల్లెపూలు కొందండీ."

"బాక్స్ కావాలె సార్. బిడ్డ వైజాగ్ నుంచి ఒస్తుంది."

ఆయన గ్లాసు కింద పెట్టారు. "ఆవిడ చర్చికెళ్తోందటగా?"

"మోకాళ్ల నొప్పికి పోయింది సార్."

"మోకాళ్ల నొప్పికి డాక్టర్ దగ్గరికెళ్తారయ్యా. ఇవాళ ఒకళ్లకిస్తే రేపు ఇంకొకళ్లు వస్తారు. రూలంటే రూలే. పదకొండింటికి కమిటీని కూర్చోబెడతాను, అందాకా ఆగు."

వంటింట్లోంచి ఆయన భార్య వేదవతమ్మ అంది. "ఆగమంటే శవం ఆగుతుందాండీ?"

"నువ్వు లోపలికెళ్లు."

ఆవిడ లోపలే ఉంది. ఇంకా ఎంత లోపలికి పోవాలో నాకు అర్థం కాలేదు.

అటునుంచి అటే ప్రార్థన మందిరానికి పోయాను. అండాలమ్మ నా వెనకే వచ్చింది. నీలం స్టిక్కర్ బాక్స్ ఒక మూలన ఖాళీగా ఉంది. దాని మీద పాటల పుస్తకాలు పేర్చి ఉన్నాయి.

"బ్రదర్, సిస్టర్ మీద మాకు ప్రేమ లేక కాదు" అన్నాడు గౌతమ్. "ఆమె బాప్తిస్మం తీసుకోలేదు. మొన్న హనుమాన్ జయంతికి తమలపాకుల దండ కూడా కట్టింది. రేపు సంఘం నన్నడుగుతుంది."

"బాక్స్ ఖాళీగనే ఉంది గదా?"

"ఖాళీగానే ఉంది."

"మరి దాంట్ల ఒచ్చే సల్లగాలి బాప్తిస్మం తీసుకున్నదా?"

"కోపపడకండి బ్రదర్. పెద్దలకు ఫోన్ చేసి అడుగుతా. అప్పటిదాకా ప్రార్థనలో ఉంటాను."

అండాలమ్మ చేతులు తిప్పుతూ మీదికి పోయింది. "కుర్సీల కూసోబెట్టి, నూనె రాసుకుంట ఫొటోలు దిగి మీ పెద్దలకు పంపుకున్నవ్ గదయ్యా! అప్పుడడగలేదేంది బాప్తిస్మం? ఫొటోకు పనికొచ్చింది, పెట్టెకు పనికిరాదా?"

అతను కళ్లు మూసుకున్నాడు. ప్రార్థనో, మొహం చెల్లకో తెలియదు.

పదకొండింటి మీటింగ్ పన్నెండింటికి మొదలైంది. గదిలో ఏసీ ఉంది. అవతలి గోడ పక్కనే బాక్స్ ఉంది. దాని ఎదురుగా కూర్చుని ఎనిమిదిమంది మగవాళ్లు ఒక పూలమ్మే ఆడమనిషి హిందువా కాదా అని గంటసేపు తేల్చారు. ఒకడు ఆమె బొట్టు పెట్టుకునేదన్నాడు. ఆదివారం పెట్టుకునేది కాదని ఇంకొకడు అన్నాడు. వారంలో ఆరు రోజులు పెట్టుకుంది కదా అని మరొకడు. నేనూ వాదించాను. సిగ్గు లేకుండా, ఆమె హిందువేనని సాక్ష్యాలు చెప్పాను! ఆ మాట ఎవడడిగినా మూతి పగలగొట్టాల్సింది పోయి, అప్లికేషన్ పెట్టుకున్నవాడిలా నిలబడి వాదించాను.

చివరికి తీర్మానం. యాదలక్ష్మి చివరిదాకా హిందువేనని, పంతులుతోనే దహనం చేయిస్తానని బిక్షమయ్య కాగితం మీద సంతకం పెడితే బాక్స్ ఇస్తారట. నేను మెట్లు దిగుతుండగా గౌతమ్ ఫోన్. పెద్దలు ఒప్పుకున్నారట. తమ స్థలంలో, తమ ప్రార్థనతో పాతిపెట్టడానికి బిక్షమయ్య ఒప్పుకుంటే బాక్స్ ఇస్తారట.

రెండు షరతులూ మోసుకుని పోయాను. అప్పటికి ఒంటిగంటన్నర. ఐసు నీళ్లయి గుమ్మం దాటి గల్లీలోకి పారుతోంది. ఇంట్లో అగరొత్తులు కట్టలు కట్టలుగా వెలిగించారు. ఎందుకో చెప్పక్కర్లేదు. బిక్షమయ్య భార్య తల దగ్గర కూర్చుని అట్టముక్కతో విసురుతున్నాడు. నేను చెప్పింది మొత్తం విన్నాడు.

"ఉపేందర్, ఆమె ఏందో నేనెట్ల రాసియ్యాలె? ముప్పయ్యేండ్లు ఆమెతోటి ఉన్న, నాకే తెల్వదు. పూలమ్మేది. గంతే తెలుసు."

"ఒక్క సంతకం పెడితే అయిపోతది మామా. బిడ్డ ఒస్తుంది."

"పెడత. ఎవరిది పెట్టాలె? ఈళ్లది పెడితే ఆదివారాలు అబద్ధమైతయి. ఆళ్లది పెడితే దండలన్ని అబద్ధమైతయి." విసరడం ఆపాడు. నా చేతివంక చూశాడు. "గా గుత్తిల ఉన్నది కమిటీ రూం తాళంచెవే గదా?"

బండి తాళాలు నా చేతిలోనే ఉన్నాయి. పొద్దున్నించీ చేతిలోనే ఉన్నాయి. వెంకట్రావు గారింటి ముందు అవే తాళాలతో బండి ఆపాను. మీటింగ్‌లో వాటినే వేలికి తగిలించుకుని తిప్పుతూ వాదించాను. ఏడింటికి పోయి ఆ గది తీసుంటే ఏడుంబావుకు ఆమె చల్లగా ఉండేది. నాకు తోచనే లేదు. కమిటీ, రూలు, అధ్యక్షుడు, అనుమతి: ఇవి నా బుర్రలో ఎంతగా కూర్చున్నాయంటే, చేతిలో ఉన్న ఇనుప ముక్క తాళం తీస్తుందన్న సంగతే మర్చిపోయాను. ఇది నా రెండో నేరం. మొదటిదానికంటే పెద్దది.

తీశాను. ట్రాలీ ఆటో తెచ్చి నేనూ అండాలమ్మా బాక్స్‌ను ఈడ్చుకొస్తుంటే వెంకట్రావు గారు బాల్కనీలోంచి అరిచారు. "ఇది దొంగతనం ఉపేందర్! కేసు పెడతాను!"

అండాలమ్మ తలెత్తి చూసింది. "పెట్టుకో సారూ! దొంగ సొత్తు రేపు మీ ఇంటికి గుడ అక్కరొస్తది, జర యాదుంచుకో!"

రెండున్నరకు ఆమెను లోపల పెట్టాం. ఆ వేడిలో బాక్స్ చల్లబడేసరికే మూడున్నర. అప్పటికే మొహం ఆమెది కాకుండా పోయింది. అంతకంటే రాయను. ఆడవాళ్లు అద్దం మీద చీర కప్పేశారు. ఆ బాక్స్ మీద చామంతి దండ లేకపోవడం అదే మొదటిసారి. వేసే మనిషి లోపలుంది.

శ్రీకళ ఏడింటికి వచ్చింది. నర్సు బట్టల్లోనే ఉంది. చీర తియ్యబోతే అండాలమ్మ చెయ్యి పట్టుకుంది.

"నేను నర్సునక్కా. గివన్ని నాకు కొత్తనా?"

"నర్సుకు చూపిస్త. బిడ్డకు చూపియ్య."

బిక్షమయ్య లేచి వచ్చాడు. "ఒద్దు బిడ్డా. బతుకమ్మకు ఒచ్చినప్పుడు సూసినవ్ గదా, గా మొహమే ఉంచుకో. నీకు దండం పెడత."

కన్నతండ్రి దండం పెడుతుంటే ఆ పిల్ల ఏం చేస్తుంది? కాళ్ల వైపు పోయింది. చీర అంచు ఎత్తి తల్లి మోకాళ్ల మీద అద్దంపై చెయ్యి పెట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత నావైపు తిరిగింది.

"అన్నా, బాక్స్ ఎన్నిగంటలకు పెట్టిన్రు?"

"రెండున్నరకు."

"అమ్మ ఐదింటికి పోయింది గదా. మరి నడిమిట్ల ఏం చేసిన్రు?"

ఈ ప్రశ్నకు మీరు జవాబు చెప్పండి. మీ అమ్మ ఏ మతమో తేల్చుకుంటున్నామమ్మా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మర్నాడు పొద్దున శ్మశానంలో వెంకట్రావు గారు, గౌతమ్ ఇద్దరూ దిగారు. ఒకరి చేతిలో గులాబీల దండ, ఇంకొకరి చేతిలో బైబిలు. బిక్షమయ్య గొంతు పెంచలేదు. "దండ ఎట్ల కట్టాల్నో ఆమెకు తెలుసు, మీకు తెల్వదు. జర పక్కకు జరగున్రి." పంతులు లేడు, పాటలు లేవు. కూతురే నిప్పు పెట్టింది.

ఆ సాయంత్రమే కమిటీకి రాజీనామా ఇచ్చాను. రాజీనామా ఒక్క కమిటీకే కాదు. ఇకపై నేను ఏ గుంపులోనూ లేను. దేవుడున్నాడా లేడా అన్న వాదన నాతో పెట్టుకోకండి, నాకిప్పుడు ఓపిక లేదు. ఉంటే యాదలక్ష్మి దండలు ఆయనకు అందే ఉంటాయి, మధ్యలో మీ రిజిస్టర్లు అక్కర్లేదు. నన్ను అధర్మపరుడన్నారు, ఎవరో కొనేశారన్నారు, మీ ఫ్లెక్సీలన్నీ వేరే షాపుకు మళ్లించారు. మళ్లించుకోండి. 'మాత్రమే' అన్న మాట మళ్లీ నా మెషిన్లోంచి రాదు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెప్తున్నాను. అడగడం లేదు, చెప్తున్నాను. కాషాయం బాక్స్ మీది స్టిక్కర్ నేను గీకేశాను. గౌతమ్, నీలంది నువ్వు గీకు. రెండు బాక్సులనూ మంచినీళ్ల ట్యాంకు పక్క వరండాలోకి తెచ్చి పెట్టండి. అక్కడ కరెంటుంది, ఎవరి దేవుడూ లేడు. తాళం వేయొద్దు, రిజిస్టర్ పెట్టొద్దు, ఎవరు పోయారు అన్న ఒక్క ప్రశ్న తప్ప ఏదీ అడగొద్దు. తర్వాత ఇద్దరూ కలిసి బిక్షమయ్య గుమ్మంలోకి పోయి, శ్రీకళ అడిగినదానికి నిలబడి జవాబు చెప్పండి. నేనూ వస్తాను.

మే నెల అయిపోవడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. కాలనీలో ముసలివాళ్లున్నారు, రేకుల ఇళ్లున్నాయి. కమిటీని కూర్చోబెట్టకండి, పెద్దలకు ఫోన్లు చేయకండి. బాక్సులు బయటికి తియ్యండి. ఈ పూటే.