పదకొండో నత్త

పెళ్ళయిన పదమూడో రోజున కొత్త కోడలి పడకగదిలోకి ఆసుపత్రి వచ్చింది.

ఆసుపత్రి అంటే కిటికీ పక్క బల్ల మీద ఒక గాజు తొట్టె. అందులో ఇసుక లేదు, రాళ్ళు లేవు. దాక్కోవడానికి రెండు ప్లాస్టిక్ పైపు ముక్కలు, బుడబుడమని గాలి వదిలే ఒక చిన్న మోటారు, నిండా ఉప్పునీళ్ళు. రోగులు ముగ్గురు. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న జంట చేపలు, నిమ్మపండు రంగు చేప ఒకటి. ముగ్గురి ఒంటి మీదా ఎవరో ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు.

"హాల్లో పెట్టుకోవచ్చు కదమ్మా," అన్నాడు పెళ్ళికొడుకు, మంచాన్ని ఒక మూలకి జరుపుతూ.

"హాల్లో పెద్ద తొట్టె ఉంది. దాన్లో నీటి చుక్క ఒక్కటి దీన్లో పడితే చాలు, రోగం మళ్ళీ మొదటికొస్తుంది. వంటింట్లో పొగ. మా గదిలో మీ నాన్న గురక. జబ్బుపడ్డ ప్రాణాలకి కాస్త ప్రశాంతత కావాలిరా."

"మాకక్కర్లేదా?"

"మీకింకా అరవై ఏళ్ళుంది," అంది అత్తగారు, మోటారు తీగ సర్దుతూ.

కోడలు దిండులో మొహం దాచుకుని నవ్వింది. ఈ ఇంట్లో తనకి బాగా జరుగుతుందని ఆ క్షణంలోనే తేలిపోయింది.

అత్తగారు ముప్పై ఏళ్ళు నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన మనిషి. మంచినీళ్ళ గ్లాసునైనా ఒకసారి వెలుతురుకి పెట్టి చూడందే తాగదు. ఆ నారింజ జంటని పన్నెండేళ్ళుగా పెంచుతోంది. పెద్దదాని పేరు దొరసాని, చిన్నదాని పేరు గుమాస్తా. దొరసాని ఎటు కదిలితే గుమాస్తా అటు పరుగెత్తుతాడు. ఆవిడ తిన్నాకే తింటాడు. "ఈ జాతిలో పెద్దది ఆడదే అమ్మా. అందుకే మనింట్లో ఇన్నేళ్ళు హాయిగా బతికాయి," అని మావగారు మొదటి రోజే కోడలికి వివరించారు.

రోగానికి మూలం కూడా ఆ మావగారే. పెళ్ళి సంబరంలో ఒక రోజు నిమ్మపండు చేపని కొనుక్కొచ్చి, సంచి విప్పి, నేరుగా పెద్ద తొట్టెలో వదిలేశారు. కొత్త చేప ఏదైనా నెల రోజులు విడిగా ఉండాలన్నది ఆ ఇంటి చట్టం. అత్తగారు అడిగితే "షాపులోనే నెల రోజులు విడిగా ఉంచారట" అని తడుముకోకుండా చెప్పారు. పదిరోజులు తిరక్కుండానే ఆ చేప రాళ్ళకి ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టింది. తర్వాత గుమాస్తా. ఆ తర్వాత దొరసాని. అత్తగారు టార్చి వేసి చూసి, మారుమాట లేకుండా షాపుకి ఫోన్ చేసింది. చేప అంతకు ముందురోజే లారీ దిగిందని షాపువాడు నిజాయితీగా చెప్పాడు.

ఆ రోజు నుంచి మావగారికి పూటపూటా వడ్డింపులే. టీలో చక్కెర వేసుకోబోతే, "నేరుగా వేసేస్తారా, నెల రోజులు వేరే గిన్నెలో ఉంచుతారా?" కొత్త చొక్కా తొడుక్కుంటే, "షాపువాడు దీన్ని విడిగానే ఉంచానన్నాడా?" ఆయన పేపరు కాస్త పైకెత్తి పట్టుకునేవారు.

ఇలాంటి ఇంట్లో జంతుశాస్త్రం చదివిన కోడలు దొరకడం అత్తగారికి లాటరీ తగిలినట్టే. పరీక్షలో పది మార్కుల కోసం బట్టీపట్టిన పరాన్నజీవి ఇలా పడకగదిలోకే వచ్చి పలకరిస్తుందని కోడలూ అనుకోలేదు. మందు ఎందుకు నెల రోజులు వాడాలో, దాన్ని పెద్ద తొట్టెలో ఎందుకు పోయకూడదో అత్తాకోడళ్ళు గంటలు గంటలు మాట్లాడుకునేవారు. రాగి మందు పురుగుని చంపుతుంది, నిజమే. కానీ పెద్ద తొట్టెలోని రొయ్యల్నీ, పగడాల్నీ, పది నత్తల్నీ కూడా చంపేస్తుంది. అందుకే మందు ఆసుపత్రిలోనే. పెద్ద తొట్టెని మాత్రం చేప అన్నది లేకుండా డెబ్బై ఆరు రోజులు ఖాళీగా ఉంచాలి. తినడానికి చేప దొరక్క పురుగు దానంతట అదే చస్తుంది. ఫ్రిజ్ పక్కన వేలాడే చిన్న తెల్ల బోర్డు మీద అత్తగారు రోజూ పొద్దున్నే ఒక అంకె తుడిచి, తర్వాతి అంకె వేసేది.

ఆ రోజులు కోడలికి ఎంత బాగున్నాయంటే, రోగం నయమైపోతుందేమోనని మధ్యమధ్యలో కాస్త బెంగ కూడా పడింది. తెల్లవారగానే తలుపు మీద రెండు దెబ్బలు. "లేచారా, నీళ్ళు చూడాలి." చేతిలో పరీక్ష గొట్టంతో అత్తగారు. పైపు ముక్కలోంచి తల బయటపెట్టి మంచం వైపే చూసే దొరసాని. "ఆవిడ చూస్తోంది, అటు తిరుగు," అంటూ భర్త దుప్పటి లాక్కోవడం. వైద్యం మొదలైన పన్నెండో రోజున దొరసాని ఒంటి మీద ఒక్క చుక్క కూడా లేదని ఇద్దరూ కళ్ళు చికిలించి ఖాయం చేసుకుని, వెళ్ళి అందర్నీ నిద్రలేపడం. పెళ్ళికి ముందు ఎవరో చెప్పారు, అత్తగారిల్లంటే కత్తి మీద సామని. ఈ అత్తగారింట్లో తన పని ఒక చేప ఆకలిగా ఉందో లేదో చూసి చెప్పడం. ఎవరికి కృతజ్ఞత చెప్పుకోవాలో తెలియక, గుమాస్తాకి రెండు మెతుకులు ఎక్కువ వేసేది.

నలభై ఎనిమిదో రోజు సాయంత్రం, గ్రంథాలయంలో ఉద్యోగం ముగించుకుని నడిచి వస్తూ, ఆ చేపల షాపు అద్దం ముందు ఆగింది. బొటనవేలి గోరంత నత్త. గుల్ల మీద గోధుమరంగు చారలు, ఎవరో సన్నని కుంచెతో ఓపిగ్గా గీసినట్టు. ఇంట్లో పెద్ద తొట్టె చేపల్లేక వెలవెలబోతోంది. నత్తకి ఈ రోగం రాదు. ఆ సంగతి తనకి పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా గుర్తు. కొనేసింది. ఎవరూ చూడకుండా పది నత్తల మధ్య పదకొండోదాన్ని వదిలి, భర్తని తొట్టె ముందు నిలబెట్టింది.

"కొత్తగా ఏముందో చెప్పు చూద్దాం."

అతను అయిదు నిమిషాలు చూశాడు. "నీ చెవి రింగులా?"

"తొట్టెలో."

"నీళ్ళు మార్చారా?"

చెప్పలేదు. కనుక్కునేదాకా చెప్పనంది. అది వాళ్ళిద్దరి ఆటగా మిగిలిపోయింది.

డెబ్బై ఆరో రోజు ఆదివారం. రోగుల్ని సొంతింటికి పంపే రోజు. అత్తగారు బకెట్టు కడిగి సిద్ధం చేసింది. మావగారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. పక్కింటి టీచరమ్మని కూడా చూడ్డానికి పిలిచారు. ఆవిడ టీ కప్పుతో పెద్ద తొట్టె ముందు కూర్చుని, "చిన్న తెల్లచుక్కలకి ఇన్ని రోజులా?" అంది.

"మా అమ్మాయి చెప్తుంది వినండి," అంది అత్తగారు, వల చేతిలో పట్టుకుని. గర్వం దాచుకునే ప్రయత్నమేమీ చేయలేదు.

కోడలు ఉత్సాహంగా అందుకుంది. "చుక్కలు పోయినంత మాత్రాన పురుగు పోయినట్టు కాదండీ. చేప ఒంటి మీద నాలుగు రోజులు తిని, కడుపు నిండాక రాలిపోతుంది. రాలి, కింద గట్టి వస్తువు ఏది దొరికితే దానికి అతుక్కుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. లోపల ఒకటి వందలవుతుంది. రాయి కానివ్వండి, గాజు కానివ్వండి, గుల్ల కాని..."

టీచరమ్మ ముక్కుకి ఎదురుగా, గాజు మీద, గోధుమచారల గుల్ల ఒకటి తీరిగ్గా పైకి పాకుతోంది.

"గుల్ల కాని?" అంది టీచరమ్మ.

"గది... గదిలోంచి బకెట్టు మూత తెస్తాను," అని కోడలు లోపలికి వచ్చేసింది. నత్తకి రోగం రాదు. కానీ నత్త గుల్ల మీద గూడు రావచ్చు. దాన్ని షాపువాడు చేపలున్న తొట్టెలోంచే తీసిచ్చాడు. పది మార్కుల ప్రశ్నలో తొమ్మిది మార్కులు రాసి, ఒక్కటి వదిలేసింది.

దొరసాని గాజు దగ్గరకొచ్చి, మెతుకులేవి అన్నట్టు నోరు తెరిచి మూసింది. వెనకే గుమాస్తా. ఒళ్ళు నిగనిగలాడుతోంది ఇద్దరికీ.

"ఏమైంది, పాలిపోయావు?" అన్నాడు వెనకే వచ్చిన భర్త.

"తొట్టెలో నత్త కొత్తది. నేనే తెచ్చాను. నలభై ఎనిమిదో రోజు."

"ఓ, అదా ఆట. నత్త చేప కాదుగా."

"గుల్ల గట్టిదేగా."

అతనికి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. "చెప్పకపోతే?"

"ఏమీ కాకపోవచ్చు. అయితే మాత్రం దొరసాని ఈసారి తట్టుకోలేదు. పన్నెండేళ్ళది."

"చెప్తే?"

కోడలికి చక్కెర గిన్నె గుర్తొచ్చింది. చొక్కా గుర్తొచ్చింది. రేపటి నుంచి తను పేపరు ఎత్తి పట్టుకోవాలి. అంతకంటే, 'మా అమ్మాయి చెప్తుంది వినండి' అన్న ఆ గొంతు మళ్ళీ వినపడదేమో.

"నేనూ వస్తా పద," అన్నాడు అతను.

"వద్దు. నువ్వుంటే నీ వెనక దాక్కుంటాను."

కోడలు హాల్లోకి వచ్చేసరికి, అత్తగారు వలని నీళ్ళలో ముంచడానికి ఆసుపత్రి ఉన్న గది వైపే వస్తోంది.

"అత్తయ్యా, ఆగండి. చేపల్ని వేయకండి." ఒక్క గుక్కలో చెప్పేసింది. నత్తని, షాపుని, రోజుని, ఆటని. పూర్తయ్యాక తేలు కుట్టిన దొంగలా నేల చూస్తూ నిలబడింది. టీచరమ్మ టీ చప్పుడు కాకుండా మింగింది.

"చేపలున్న తొట్టెలోంచే తీశాడా?" అంది అత్తగారు.

"అవును."

"ఏది, చూపించు."

కోడలు వేలు పెట్టి చూపించింది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని, వంగి, చాలాసేపు చూసింది. "బాగుంది," అంది. తర్వాత ఫ్రిజ్ దగ్గరకి వెళ్ళి, బోర్డు మీది డెబ్బై ఆరుని తుడిచి ఇరవై ఎనిమిది వేసింది. "ఇది వచ్చి ఇరవై ఎనిమిది రోజులు. ఇంకా నలభై ఎనిమిది ఉండాలి."

మావగారు కప్పు కింద పెట్టారు. "అంతేనా? ఒక్క చీవాటు కూడా లేదా? నేను రెండున్నర నెలలుగా మూడు పూటలా తింటున్నాను."

"మీరు చెప్పలేదు. షాపుకి ఫోన్ చేసి నేను కనుక్కున్నాను. ఈ పిల్ల నా చేతిలో వల ఉండగా, పక్కింటి వాళ్ళ ముందు ఆపింది."

"అయితే నేనూ ఒకటి ఒప్పుకుంటాను. పొద్దున టీలో రెండు చెంచాల చక్కెర వేసుకున్నాను."

"అది తెలుసు," అంది అత్తగారు.

టీచరమ్మకి పొలమారింది. గది గుమ్మంలోంచి భర్త, "ఇంకా నలభై ఎనిమిది రోజులు మా గదిలోనేనా?" అని మూలిగాడు.

అత్తగారు కోడలితో గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంది. పొడి వల ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ దొరసాని వైపు చూస్తూ, "వీడు పదో తరగతిలో ఉన్నప్పుడు తెచ్చాను దీన్ని. ఇంకో నిమిషమైతే నా చేత్తో నేనే..." అని ఆగింది. కోడలి చెయ్యి పట్టుకుని నొక్కి వదిలేసింది. కోడలికి కళ్ళు మసకబారాయి.

"ఇవాళ నీళ్ళు చూడలేదు," అంది అత్తగారు. పరీక్ష గొట్టమూ, చుక్కల మందు సీసాలూ తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. ఇన్ని రోజుల్లో ఆ సీసాల్ని కొడుకుని కూడా ముట్టుకోనివ్వలేదు. "ఈ నలభై ఎనిమిది రోజులూ నీదే. పొద్దున్నే నేను తలుపు కొట్టను."

"కొట్టండి అత్తయ్యా," అంది కోడలు. "మీరు కొట్టకపోతే నాకు మెలకువ రాదు."

గొట్టంలో నీళ్ళు గీత దాకా పోసింది. ఒక్కొక్క సీసాలోంచీ ఎనిమిదేసి చుక్కలు లెక్కపెట్టుకుంటూ వేసింది. మూత బిగించి ఊపింది. అయిదు నిమిషాలూ అత్తాకోడళ్ళు మంచం అంచున పక్కపక్కనే కూర్చున్నారు. ఆకుపచ్చగా మారితే నీళ్ళలో విషం చేరినట్టు, పసుపుగానే ఉంటే చేపలు క్షేమం. అత్తగారు గొట్టం కోసం చెయ్యి చాపలేదు.

"నువ్వే చెప్పు," అంది.

కోడలు దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుంది.

"పసుపే అత్తయ్యా."